తెరమీద వాలిన జడ

గడచిన యుగముల వేషములు ధరించి కుటుంబములన్నియు ఒక దినము విహరించు సంతలు అమెరికాలో కలవు. 1963లో కాలిఫోర్నియాలో ఆరంభమైన ఆ వేడుకలలో, పదునాఱవ శతాబ్దపు ఐరోపా రాజులుగను, కమ్మరులుగను, గారడివారుగను అలంకరించుకొనిన జనుల నడుమ మన తెలుగుపిల్లలును అట్టకిరీటములతో తిరుగుచుందురట. వినోదమే, తప్పులేదు, అయితే ఆ శతాబ్దము మన కృష్ణాతీరమునకును వచ్చియుండెను.

రోమునగరమున మైకెలాంజిలో సిస్టైన్ దేవాలయపు కప్పున చిత్రములు వ్రాయుచున్న కాలముననే, 1509లో, కృష్ణదేవరాయలు సింహాసన మధిష్ఠించెను. కళింగముపై దండెత్తి వచ్చినప్పుడు ఆయన విజయవాడలో విడిసి, శ్రీకాకుళమున ఆంధ్రమహావిష్ణువును సేవించి ఏకాదశి యుపవాస ముండగా, స్వామి స్వప్నమున దర్శనమిచ్చి గోదాదేవితోడి తన పరిణయగాథను తెలుగున రచింపు మనెనని ఆముక్తమాల్యదలో రాయలే చెప్పుకొనెను. కొండవీడు, కొండపల్లి దుర్గములను గజపతినుండి గొన్న చక్రవర్తి, తులసిమాల లల్లు విష్ణుచిత్తుని కూతురి విరహమును తన గంటమున పలికింపవలసివచ్చినది!

ఆ శ్రీకాకుళమునకు చేరువనే మొవ్వ. పదునేడవ శతాబ్దమున క్షేత్రయ్య మువ్వగోపాలునిపై నాయికయై పదములు పాడుకొనిన చోటు. ఆ ప్రక్కనే కూచిపూడి. ఇక్కడి భాగవతుల యిండ్ల ప్రతి పురుషుడును జీవితమున ఒక్కమారైనను సత్యభామ వేషము కట్టవలెనని సిద్ధేంద్రయోగి నియమము విధించెనని ప్రతీతి. కృష్ణవేషము కాదు, భామవేషము! శాస్త్రములు చదివిన మగవాడు పట్టుచీర కట్టి, సవతులపై అసూయపడి, అలిగి, ఊరందఱి యెదుట గర్వభంగము పొందవలెను. అహంకారత్యాగము గ్రంథపఠనముచే సిద్ధింపదని ఆ యోగి ఎఱిగినట్లున్నది. ఇప్పుడు భామ లెందఱో ఆడపిల్లలే, సంతోషము. కాని వేదాంతం సత్యనారాయణశర్మ కట్టిన భామవేషమును చూచినవారు ఈ నియమములోని లోతును మఱువలేరు.

మొన్న మనుమలతో కూచిపూడికి పోయి, ఈ సత్యభామ కథయగు భామాకలాపము చూచితిమి. ఇద్దఱు పట్టిన తెర వెనుకనుండి మొదట జడ మాత్రము వచ్చి, బిళ్లలు తళుక్కుమనగా, కుచ్చులు ఊగుచు తెరమీద వాలెను. విద్యలో నన్ను గెలువగలవా రున్న రండను సవాలది యని పెద్దలందురు. ఆ పిమ్మట భామ కోపము, ఆ కోపము కరగి విరహమగుట, తుదకు శ్రీకృష్ణునకు లేఖ వ్రాయుట. మా చిన్నవాడు కనుఱెప్ప వాల్చలేదు.

"తాతయ్యా, ఆవిడ మగాయనంటగా! మరి అంత కోపం ఎట్లా వచ్చింది?"

ఆయననే అడుగుమంటిని. ముఖమున పూసిన అర్దళము తుడుచుకొనుచున్న నటుడు "కోపం భామది నాన్నా, చెమట నాది" అనెను. సగటు మనిషికి ఈ విభజన సాధ్యము కాదు. పగలంతయు కట్టిన అధికారి వేషమో, యజమాని వేషమో మనలను ఇంటివఱకు వెంటాడి, భోజనమువద్దను తానే కూర్చుండును.

"మరి ఉత్తరం ఎవరు రాశారు?" అనెను మావాడు, వదలక.

ఆయన నవ్వి, "అదే నేనూ మా నాన్నగారిని అడిగా" అనెను.