తేడావాళ్లూ తురకవాళ్లూ

1998 డిసెంబరులో బొంబాయిలో, ఢిల్లీలో 'ఫైర్' సినిమా ఆడుతున్న హాళ్ల మీద శివసేన వాళ్లు దాడులు చేశారు. అద్దాలు పగలగొట్టారు. పోస్టర్లు చించారు. దీపా మెహతా తీసిన ఆ సినిమాలో ఒకే ఇంటి తోడికోడళ్లు ఇద్దరు ఒకరినొకరు ప్రేమించుకుంటారు. షబానా ఆజ్మీ, నందితా దాస్ వేశారు. కథలో వాళ్ల పేర్లు రాధ, సీత. (హిందీ ప్రింటుకొచ్చేసరికి సీత కాస్తా నీత అయింది.) అప్పుడు బాల్ ఠాక్రే ఒక పరిష్కారం చెప్పాడు. ఆ ఇద్దరి పేర్లూ షబానా, సైరా అని మారిస్తే తమకే అభ్యంతరమూ ఉండదన్నాడు.

ఆ మాట మాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. మీ ఇంట్లో ఉండకూడదనుకున్నదల్లా మా వాకిట్లో పోయడం మీకు అలవాటే. చెత్తా మాదే, బాంబులూ మావే, నాలుగు పెళ్లిళ్లూ మావే. ఇప్పుడిదీ మాదేనన్నమాట. అందుకే మావాళ్లు మండిపడ్డారు. అయితే ఏమని మండిపడ్డారు? "మా ఆడవాళ్లు అట్లాంటివాళ్లు కాదు" అన్నారు. ఆ జవాబులో ఏముందో చూడండి. ఇది మురికి అన్న సంగతిలో ఠాక్రేకీ మాకూ పేచీ లేదు. ఎవరి గుమ్మంలో పోయాలన్నదే పేచీ. రాధనూ సీతనూ వాళ్లు వెళ్లగొట్టారు. షబానాగా, సైరాగా మా గడపకొస్తే మేమూ తలుపేసుకున్నాం. ఆ ఇద్దరు ఆడవాళ్లు ఎక్కడికి పోవాలో ఎవరూ అడగలేదు.

మావాళ్లలోనే దిలీప్ కుమార్ లాంటివాడు వేరుగా నిలబడ్డాడన్నది కూడా చెప్పుకోవాలి. సినిమాకు రక్షణ కోరుతూ సుప్రీంకోర్టుకు వెళ్లినవాళ్లలో ఆయనొకడు. అందుకు ఆయన ఇంటి ముందు మగవాళ్లు బట్టలిప్పి, చెడ్డీలతో నిరసన తెలిపారు. యూసుఫ్ ఖాన్ అనే పేరుతో పుట్టినవాడికి ఆ అవమానం ఎందుకు జరిగిందో మాకు విడమర్చి చెప్పక్కర్లేదు.

ఇప్పుడీ పాత సంగతి ఎందుకంటే, సినిమా దాటి ఈ చర్చ సీరియళ్ల దాకా వచ్చింది. మధ్యాహ్నం పూట ఇళ్లల్లో నడిచే సీరియల్లో గే పాత్ర ఉండొచ్చా? ఉంటే ఆ పాత్ర పేరు ఏమైయుండాలి? మొదటి ప్రశ్న అందరిదీ. రెండోది మాది.

మాది శ్రీకాకుళం. ఉత్తరాంధ్ర శ్రీకాకుళం కాదు. కృష్ణ ఒడ్డున, ఘంటసాల మండలంలో, ఆంధ్ర మహావిష్ణువు గుడి ఉన్న శ్రీకాకుళం. కృష్ణదేవరాయలకు ఆ దేవుడు కలలో కనబడి తెలుగులో రాయమన్నాడని చెప్పుకునే ఊరు. మేం ఊరి పేరు చెప్పినా వివరణ ఇవ్వాలి, మా పేరు చెప్పినా వివరణ ఇవ్వాలి. దేవుడే తెలుగు అడిగిన ఊళ్లో పుట్టిన మమ్మల్ని కూడా "మీకు తెలుగు బాగా వచ్చే!" అని మెచ్చుకుంటారు. ఆ మెచ్చుకోలులో ఉన్న ముల్లు మెచ్చుకునేవాళ్లకు కనపడదు. తెర మీద మేం కనపడే తీరు కూడా ఇట్లాంటిదే. 2002లో కృష్ణవంశీ తీసిన 'ఖడ్గం' గుర్తుందా? అంజద్ అనే ఆటో డ్రైవరుగా ప్రకాశ్ రాజ్ వేశాడు. మంచివాడు, దేశభక్తుడు. ఎంత మంచివాడో రుజువు కావాలంటే టెర్రరిస్టయిన తమ్ముడికి ఎదురు నిలవాలి. మామూలు ఆటో డ్రైవరుగా, సాయంత్రానికి కిరాయి డబ్బులు లెక్కపెట్టుకునేవాడిగా మాత్రమే ఉంటే కథకు చాలడు. మేం తెర మీదకు రావాలంటే దేనికో సంజాయిషీగా రావాలి.

వాళ్లకు అదీ లేదు. తెలుగులో వాళ్లకు మిగిలిన పేరు "తేడా". "వాడు తేడా" అనగానే హాల్లో నవ్వు. చెయ్యి కాస్త వంచితే నవ్వు, నడుం తిప్పితే నవ్వు. సినిమాల్లో ఏళ్ల తరబడి ఇదే సరుకు. 2013లో ఈటీవీలో 'జబర్దస్త్' మొదలయ్యాక ఆడవేషం వేసిన మగాడు ఇంటింటికీ వచ్చాడు. ఆ షోలో ఆడవేషాలు వేస్తూ వచ్చిన ప్రియాంకా సింగ్ 2021లో 'బిగ్ బాస్' ఐదో సీజనుకు ట్రాన్స్ మహిళగా, తన పేరుతో తాను వెళ్లింది. ఎవరిని చూసి నవ్వారో ఆ మనిషి కూర్చుని మాట్లాడుతుంటే జనం విన్నారు. అదొక పెద్ద సంగతే. 2018లో ప్రశాంత్ వర్మ తీసిన 'అ!' సినిమాలో నిత్యా మీనన్, ఈషా రెబ్బా జంటగా కనపడ్డారు. ఎవరూ హాళ్లు పగలగొట్టలేదు. కానీ మేం చూసినంతలో తెలుగు డైలీ సీరియల్లో ఇంటి కొడుకుగానో కూతురుగానో అట్లాంటి పాత్ర తగల్లేదు. అత్త కోడలికి విషం కలపడం చూశాం, చచ్చినవాళ్లు లేచి రావడం చూశాం, ఒకడికి ఇద్దరు భార్యలు చూశాం. 'కార్తీకదీపం'లో నల్లపిల్ల కథానాయిక అయింది, సంతోషం. ఆ నలుపు కూడా మేకప్పే.

సీరియల్‌నే ఎందుకు పట్టుకున్నామంటే, మా ఇళ్లల్లోకి వచ్చేది అదే. సినిమాకు మగపిల్లలు పోతారు. కోర్టు తీర్పులు పేపరు చదివేవాళ్ల దగ్గర ఆగిపోతాయి. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు 377వ సెక్షను పట్టు తీసేసింది. ఇష్టపూర్వకంగా కలిసిన పెద్దవాళ్లది నేరం కాదంది. 1860లో ఇంగ్లీషువాడు రాసిపెట్టిన సెక్షను అది. 2023 అక్టోబరులో అదే కోర్టు పెళ్లి హక్కు మాత్రం తాను ఇవ్వలేనంది. ఈ రెండు సంగతులూ మా వీధిలో ఏ ఖాలాకూ తెలియవు. తెలియనక్కర్లేదనే అనుకుంటారు. కానీ భోజనాలయ్యాక, జొహర్ నమాజు చదువుకుని, గిన్నెలు తోముకుని, ఆమె టీవీ ముందు కూర్చుంటుంది. పక్కన పెళ్లికెదిగిన కూతురుంటుంది. ఆ గంటలో ఏం కనపడితే దాని గురించి ఆ ఇద్దరూ మాట్లాడుకుంటారు. మామూలుగా తల్లీకూతుళ్లు నోటెంట రానివ్వని సంగతులు కూడా "ఆ సీరియల్లో అమ్మాయి" పేరు మీద మాట్లాడుకుంటారు. ఇంకెవరు కల్పిస్తున్నారు ఆ వీలు?

అమెరికాలో ఇది 1983లోనే జరిగింది. 'ఆల్ మై చిల్డ్రన్' అనే పగటి సీరియల్లో లిన్ కార్సన్ అనే లెస్బియన్ డాక్టరు వచ్చింది. 1992లో 'వన్ లైఫ్ టు లివ్'లో బిల్లీ డగ్లస్ అనే కుర్రాడు తాను గేనని చెప్పుకున్నాడు. మన దేశంలో 2010లో స్టార్ ప్లస్‌లో మొదలైన 'మర్యాద' సీరియల్లో పెద్దింటి కొడుకు గౌరవ్ గే. అతనికి పెళ్లి కూడా అయివుంటుంది. ఇంకొకటి మాకు బాగా దగ్గరగా తగిలేది. బీబీసీ 'ఈస్ట్ ఎండర్స్'లో 2009లో సయ్యద్ మసూద్ వచ్చాడు. లండనులో స్థిరపడ్డ పాకిస్తానీ కుటుంబం కుర్రాడు. క్రిస్టియన్ అనేవాణ్ణి ప్రేమించాడు. తల్లి జైనబ్‌కు కుటుంబం పరువే ముఖ్యం. 2010 జనవరి 1న ప్రసారమైన ఎపిసోడులో సయ్యద్ అమీరా అనే పిల్లను నికా చేసుకుంటాడు. తర్వాత నిజం బయటపడుతుంది, అమీరా బతుకు చెదిరిపోతుంది.

అమీరా దగ్గర మేం ఆగాలి. ఎందుకంటే ఈ చర్చలో మావాళ్లు అబ్బాయి గురించే మాట్లాడతారు. పాపమా కాదా, జబ్బా అలవాటా, మౌల్వీ సాబ్ ఏమంటారు. అమ్మాయి గురించి ఎవరూ మాట్లాడరు. "పెళ్లి చేస్తే అదే సర్దుకుంటుంది" అని పెద్దలు కొడుక్కి పిల్లను తెస్తారు. ఆ పిల్ల ఎవరి కూతురు? మా కూతురే. మొగుడు ఎందుకు దగ్గరకు రావడంలేదో తెలియక, తనలోనే ఏదో లోపం ఉందనుకుని, తాయెత్తులు కట్టించుకుని, దర్గాలు తిరిగి, చివరికి గొడ్రాలనిపించుకుని పుట్టింటికొచ్చే పిల్ల. కొడుకు సంగతి దాచడాన్ని మేం పరువంటాం. ఇంకొకరి కూతురికి తెలియకుండా ఆమె బతుకును అప్పు తీసుకోవడాన్ని ఏమనాలి? నికాలో పిల్ల ఒప్పుకోలు తప్పనిసరి. ఖబూల్ అని మూడుసార్లు అడిగిస్తాం. దేనికి ఒప్పుకుంటోందో చెప్పకుండా అడిగితే ఆ ఖబూల్‌కు విలువెంత? ఇది దీన్ తెలిసినవాళ్లే జవాబు చెప్పాల్సిన ప్రశ్న. లూత్ ప్రవక్త కథ చెప్పేవాళ్లు దీనికి కూడా జవాబు చెప్పాలి.

చూపించడం అంటే ఒప్పుకోవడం కాదు. తాగుబోతు తండ్రి లేని సీరియల్ ఉందా? తాగుడు హరామని మేం ఆ టీవీ కట్టేశామా? అక్కడ కథ అంటాం, ఇక్కడ ప్రచారం అంటాం.

ఇక, మా చరిత్రలో ఇట్లాంటివాళ్లు లేరన్న మాట. లాహోరులో షా హుసేన్ దర్గా ఉంది. ఆయన పక్కనే మాధోలాల్ అనే హిందూ కుర్రాడి సమాధి. జనం ఇద్దరి పేర్లూ కలిపి మాధోలాల్ హుసేన్ అంటారు, ఏటా దీపాల మేళా చేస్తారు. అభయ్ చంద్ అనే కుర్రాడి మీద ప్రేమతో ఉన్నదంతా వదిలేసిన సర్మద్‌కు ఔరంగజేబు కాలంలో తల తీయించారు. ఢిల్లీ జామా మస్జిదు పక్కనే ఆయన మజారు, ఈనాటికీ చాదర్లు కప్పుతున్నారు. 1942లో ఇస్మత్ చుగ్తాయ్ 'లిహాఫ్' రాసింది, పరదా వెనకాల ఆడవాళ్ల కథ. అశ్లీలమని లాహోరు కోర్టుకీడ్చారు. క్షమాపణ చెప్పనంది, గెలిచి వచ్చింది. వీళ్లంతా మావాళ్లే. ఉర్సులో తలవంచుతాం, ఇంట్లో మాత్రం పేరెత్తం.

హిజ్రాలతో మా తీరూ అట్లాగే ఉంది. హైదరాబాదులో వాళ్ల ఘరానాల్లో ముస్లిం పేర్లు, పద్ధతులు ఎన్నో. బిడ్డ పుడితే దీవెన పుచ్చుకుంటాం. చప్పట్లు కొట్టేవాళ్లు దూరం నుంచే తెలుస్తారు కాబట్టి మాకు భయం లేదు. మా అబ్బాయిలాగే కనపడేవాడంటేనే భయం. హిజ్రాలను రిజిస్టరులో రాయించి, వారంటు లేకుండా పట్టుకునే చట్టాన్ని 1919లో నిజాం సర్కారే తెచ్చింది. దాన్ని తెలంగాణ హైకోర్టు కొట్టేసింది 2023లో. అణిచినవాళ్లంతా పరాయివాళ్లేనని చెప్పుకోవడానికి మాకు వీల్లేదు.

ఒక అభ్యంతరం మాత్రం బరువైనది. దాన్ని కొట్టిపారెయ్యలేం. ముస్లిం ఇంట్లో గే కుర్రాణ్ణి పెడితే, రాసేది మీరు. తీసేది మీరు. గడ్డం ఉన్న తండ్రి బెల్టు తీస్తాడు, అమ్మీ గుండెలు బాదుకుంటుంది, మంచి పొరుగింటివాళ్లొచ్చి కుర్రాణ్ణి మా నుంచి కాపాడతారు. ముస్లిం ఆడవాళ్లను ముస్లింల నుంచి కాపాడతామని 2019లో తలాక్ చట్టం తెచ్చినవాళ్ల ముచ్చట మేం చూశాం. ఆ కుర్రాడు కూడా మా మీదకు ఇంకో కర్ర అవుతాడు. ఈ భయం ఉత్తది కాదు. అయినా దానికి విరుగుడు ఆ కుర్రాడు ఉండకపోవడం కాదు. మా ఇజ్జత్ కాపాడే బరువు వాడి ఒక్కడి నోటి మీద పెట్టడం అన్యాయం.

మాకూ వాడికీ పోలికలు చెబుతూ వచ్చాం గానీ, ఒకచోట పోలిక చెల్లదు. బడిలో మా పిల్లాణ్ణి "తురకోడా" అంటే ఏడుస్తూ ఇంటికొస్తాడు. ఇంట్లో అమ్మీ తురకే, నానీ తురకే. ఒళ్లో పెట్టుకుంటారు. "తేడా" అనిపించుకున్నవాడు ఇంటికొచ్చి ఎవరితో చెప్పుకుంటాడు? అదే మాట ఇంట్లోనూ వినపడుతుంటుంది, టీవీలో జోకుకు అబ్బా నవ్వుతుంటాడు. మాకు కనీసం ఒక జమాత్ ఉంది. వాడు ఇంట్లోనే మైనారిటీ. మైనారిటీ అంటే ఏంటో అందరికంటే ఎక్కువ తెలిసినవాళ్లం మేమని చెప్పుకుంటున్నాం కాబట్టే, ఈ కుర్రాడి సంగతిలో మేం ఏమంటామన్నది మాకు పరీక్ష.

కాబట్టి సీరియల్ రాసేవాళ్లతో మా పేచీ వేరే. పాత్ర పెట్టండి. మొదట రాధ ఇంట్లో పెట్టండి, షబానా ఇంట్లోనూ పెట్టండి. షబానా ఇంట్లో పెట్టేటప్పుడు మా ఇళ్లల్లోంచి వచ్చిన ఆడపిల్లను ఒకర్ని రాసేవాళ్ల మధ్య కూర్చోబెట్టండి. ఆ కుర్రాడు చల్లపల్లి సెంటర్లో సెల్‌ఫోన్లు బాగుచేసుకుంటూ ఉండొచ్చు. చీటీపాట బాకీ ఉండొచ్చు, రంజానుకు ఉపవాసాలు సరిగ్గా ఉండకపోవచ్చు. మొదటి వంద ఎపిసోడ్లు అక్క పెళ్లికి డబ్బు సర్దడానికే తిరగనివ్వండి. వాడి తండ్రికి బెల్టు ఇవ్వొద్దు. సంగతి తెలిసిన రాత్రి ఏం చెయ్యాలో తోచక, తెల్లారి ఫజర్‌కు లేవకుండా ముసుగు పెట్టుకుని పడుకోనివ్వండి. అమ్మీ ఏమంటుందో మాత్రం మీరు ముందే రాసుకోవద్దు. టీవీ ముందు కూర్చున్న ఖాలాలను అడగండి.