ఉడుతని రాముడు ఎందుకు వద్దనలేదు?

ఈ వారం వీడియోలో సేతు నిర్మాణం గురించి చెప్పుకున్నాం కదా. అది ఎడిట్ చేస్తున్నంతసేపూ ఒక ప్రశ్న నన్ను వదల్లేదు. ఒకరికి సాయం చేయడమంటే అంతా మనమే చేసిపెట్టడమా?

మా ఊళ్ళో గుడికెళ్ళే దారిలో ఒక కాలువ ఉంది. వానాకాలం దాటడం కష్టం. పోయినేడాది ఊరివాళ్ళు కలిసి చిన్న నడక వంతెన వేసుకుందాం అనుకున్నారు. నేను హైదరాబాద్ నుంచి ఫోన్ చేసి, "మీకెందుకు తాతయ్యా ఈ శ్రమ, డబ్బు నేను పంపిస్తా, మేస్త్రీతో కట్టించేయండి" అన్నాను. రెండు వారాల్లో అయిపోయింది. పండక్కి వెళ్తే తాతయ్య, "బాగుందిరా నీ వంతెన" అన్నారు. మొన్నటి వానలకి ఒక పక్క రెయిలింగ్ వదులైతే ఎవరూ ముట్టుకోలేదు. నాకే ఫోన్ చేశారు.

అప్పుడే గిరీశ్ భరద్వాజ గారి గురించి చదివాను. కర్ణాటకలోని సుళ్య ఆయన ఊరు, చదివింది మెకానికల్ ఇంజనీరింగ్. దగ్గర్లోని అరంబూరు వాళ్ళు పయస్విని నది మీద వంతెన కావాలని ఆయన్ని అడిగారు. అది ఆయన చదివిన విద్య కాదు, అయినా ఒప్పుకున్నారు. ఊరివాళ్ళు చందాలు వేసుకుని, తామే పనిలోకి దిగారు. 1989లో వేలాడే నడక వంతెన సిద్ధమైంది. తర్వాత మన రెండు రాష్ట్రాలతో సహా అన్నిచోట్లా కలిపి వందకు పైగా కట్టారు. 2017లో పద్మశ్రీ వచ్చింది.

"పేదవాళ్ళే రాళ్ళు మొయ్యాలా? పట్నంలో ఫ్లైఓవర్‌కి నిన్నెవరైనా మొయ్యమన్నారా?" అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ మొయ్యమని బలవంతపెట్టడం వేరు, మోస్తామని వచ్చినవాళ్ళని వద్దనడం వేరు. నేను చేసింది రెండోది.

వాల్మీకి రామాయణంలో సేతువు కట్టే విద్య నలుడిది, చెట్లూ బండలూ మోసింది వానరులు. మన రంగనాథ రామాయణంలో ఉడుత కూడా వస్తుంది. దాని ఇసుక లేకపోయినా సేతువు నిలిచేదే. రాముడికి ఆ సంగతి తెలీదా? అయినా "నువ్వు పక్కన కూర్చో" అనలేదు. దగ్గరికి తీసుకున్నాడు. ఉడతా భక్తి అంటే ఇన్నాళ్ళూ ఉడుత గొప్పతనమే అనుకున్నా. దాన్ని కాదనకుండా తీసుకున్న రాముణ్ణి చూడలేదు.

ఈ శనివారం ఊరెళ్తున్నా. ఈసారి డబ్బు పంపలేదు, స్పానర్లు పట్టుకెళ్తున్నా. ఫోన్‌లో చెప్తే తాతయ్య, "సరే, పిల్లల్ని నేను పోగేస్తా, నువ్వు పొద్దున్నే రా" అన్నారు.

జై శ్రీరామ్.