తెలిసియు పలుకకుండుట

1947 జూలైలో చెన్నపట్టణము నుండి ‘చందమామ’ వెలువడ నారంభించినది. దానికి తమిళమున తోబుట్టువు ‘అంబులిమామ’. తమిళనాట స్థిరపడిన మన యిండ్లలో పెద్దలకు మొదటిది, బడిలో తమిళలిపి నేర్చిన పిల్లలకు రెండవది. బొమ్మలు మాత్రము రెంటను ఒక్కటే. చేత కత్తి, భుజమున శవము, చుట్టును శ్మశానము. 2020లో దివంగతులైన శంకర్ గారు చిత్రించిన ఆ విక్రమార్కుని చూచినంతనే, అక్షరములు రాని చిన్నవారు సైతము బేతాళకథ వచ్చినదని కనిపెట్టుచుండిరి.

ఆ కథలలోని నియమము చిత్రమైనది. రాజు నోరు విప్పినచో శవము మరల చెట్టెక్కును, పడిన శ్రమ వృథా యగును. సమాధానము తెలిసియు విప్పకున్నచో తల వ్రక్కలగును. బాల్యమున మేము రెండవ శిక్షకే భయపడితిమి. గుమాస్తా కొలువున చేరిన పిదప మొదటిదియే మమ్ము ఎక్కువగా ఆలోచింపజేసినది. ఏలయన, తెలిసి పలుకనివాని తల పగులుట మేము ఏ కచేరీలోను చూడలేదు. అట్టివారికి పదోన్నతియే లభించుచుండెను. నిజము పలికినవాడే మరల చెట్టు కడకు నడువవలసి వచ్చుచుండెను.

కచేరీ సంగతి యటుంచుడు. మన కుటుంబములలో ఆస్తి పంపకములు జరుగుచోట చూడుడు. గతించిన తమ్ముని భార్యకు రావలసిన భాగ మెంతయో కూర్చున్న పెద్దలందరికిని తెలియును. ఆమె అడిగినపుడు, బంధుత్వము చెడునని నేల చూపులు చూచెదరు. దీనిని వారు మర్యాద యందురు, ఓర్పు యందురు. మే మంగీకరింపము. శిక్ష పడినది ఆమెకు. కూర్చున్నవారి తలలు నిక్షేపముగా నున్నవి.

ఊరకుండుట సర్వత్ర దోషమని మా అభిప్రాయము కాదు. సోమదేవుని ‘కథాసరిత్సాగరము’లో బేతాళుని చివరి ప్రశ్న యొకటి కలదు. తండ్రి కూతురును, అతని కుమారుడు ఆమె తల్లిని పెండ్లాడగా, వారి బిడ్డలకు పరస్పరము వరుస యేమి? రాజునకు నిజముగానే తెలియలేదు, మిన్నకుండెను. అప్పుడే బేతాళుడు మెచ్చి, శవమును తెమ్మన్న భిక్షువు నిన్నే బలి యీయదలచినాడని హెచ్చరించెను. మొదటిసారియే పలుకక శవమును చేర్చియుండినచో రాజు ప్రాణము దక్కెడిది కాదు. అయినను ఆ లాభము నెరిగి అతడు నిజము చెప్పలేదు సుమా!

తెలియనిదానిని తెలిసినట్లు చెప్పు అలవాటు కూడ మనలో కలదు. పూర్వు లే యూరివారని పిల్లలడిగినచో, రాయలవారి సేనలతో వచ్చితిమని వెనుదీయక చెప్పు పెద్ద లున్నారు. కొన్ని కుటుంబముల విషయమున అది నిజమే కావచ్చును. మేము మాత్రము మనుమలకు తాతగారి తండ్రి పేరు వరకు చెప్పి, ఆపైన ఊరకుందుము.