పండగ వెళ్ళిపోయాక

జర్మనీలోని స్టుట్‌గార్ట్ క్రిస్మస్ సంత డిసెంబరు 23తో సర్దుకుంటుంది. 1692 నాటికే రాతల్లోకి ఎక్కిన సంత అది. అంగళ్ళ కప్పుల మీద కూడా పోటీలు పడి బొమ్మలూ పచ్చని కొమ్మలూ పేరుస్తారు. ఆ నెల రోజులూ ఊళ్ళో దయ కూడా దాల్చినచెక్క వేసిన వేడి వైన్‌లా పొగలు కక్కుతూ ఉంటుంది. ఆఫీసులో చందా డబ్బా, మేడ కింద పిల్లల బొమ్మల పెట్టె. నేనూ అన్నిట్లోనూ వేస్తాను.

అలాంటి ఒక సాయంత్రం క్యోనిగ్‌స్ట్రాసె వీధిలో ఒక పెద్దావిడ చిన్న టార్చి వేసుకుని చెత్తడబ్బాలో ఖాళీ సీసాలు వెతుక్కుంటోంది. ఇక్కడ వాడి పడేసే ప్లాస్టిక్ సీసాని దుకాణంలో తిరిగిస్తే 25 సెంట్లు వస్తాయి, బీరు సీసాకి 8. నా చేతిలో నీళ్ళ సీసా ఉంది. మిగిలిన గుక్క తాగేసి, దగ్గరికి వెళ్ళి, నవ్వుతూ అందించబోయాను. ఆవిడ నా మొహం వైపు చూడలేదు. ‘‘అక్కడ పెట్టండి, తీసుకుంటాను’’ అంది. పెట్టాను. నాలుగడుగులు వేసి వెనక్కి చూస్తే సీసా అక్కడే ఉంది. నేను వెళ్ళిపోవాలని చూస్తోంది.

ముందు కోపమే వచ్చింది, అబద్ధమెందుకు. రైల్లో కూర్చున్నాక తెలిసింది, ఆవిడకి బరువైంది సీసా కాదు, నా నవ్వు. ఈ ఊళ్ళో చాలామంది సీసాని డబ్బాలో వేయకుండా పక్కన నిలబెట్టి వెళ్ళిపోవడం రోజూ చూస్తూనే ఉన్నాను. పెట్టినవాళ్ళని తీసుకునేవాళ్ళు చూడరు, తీసుకునేవాళ్ళని పెట్టినవాళ్ళు చూడరు. డిసెంబరు 6న ఇక్కడి పిల్లల బూట్లలో మిఠాయిలు నింపే సెయింట్ నికొలస్ కూడా, పేదింటి ఆడపిల్లల పెళ్ళిళ్ళకి బంగారం రాత్రిపూట కిటికీలోంచి వేసి పోయాడనే కదా కథ!

మా అమ్మమ్మది కోనసీమ. ఆవిడకి ఈ రోజులు ధనుర్మాసం. తెల్లవారుజామున హరిదాసు వచ్చేవాడు. నెత్తిన రాగి పాత్ర, భుజాన తంబుర, చేతిలో చిడతలు. పాడుతూ వచ్చేవాడు తప్ప నోరు తెరిచి అడిగేవాడు కాదు. గిద్దెడు బియ్యం నా చేతికిచ్చి పంపేది అమ్మమ్మ. నాకు అందదని ఆయనే ముగ్గు పక్కన మోకాళ్ళ మీద కూర్చునేవాడు. బియ్యం పోశాక అమ్మమ్మ నా చేత దండం పెట్టించేది. వంగింది ఆయన, మొక్కింది నేను. పుచ్చుకున్నవాడికి పెట్టినవాడు మొక్కడమేమిటని అప్పుడు తోచలేదు. ఆ బియ్యమే ఆయన పొయ్యి మీదికి వెళ్తుందని అమ్మమ్మకి తెలియక కాదు. తెలిసే ఆ మర్యాద. అది లేకపోతే గిద్దెడు బియ్యం గిద్దెడు బియ్యమే.

అమ్మమ్మ మాటల్లో అన్నం అంటే లంకల గన్నవరం డొక్కా సీతమ్మగారే (1841–1909). గోదావరి లంకల్లో బాటసారి ఏ వేళ తలుపు తట్టినా పొయ్యి వెలిగించిన ఇల్లాలు. ఆ ఇంటికి సీజన్ అంటూ ఏముంటుంది?

ఇక్కడ జనవరి వస్తే దీపాల తోరణాలు దిగిపోతాయి, క్రిస్మస్ చెట్లు ఎండి వీధి పక్కకి చేరతాయి. చలి మాత్రం అప్పుడే ముదురుతుంది. దయకి గిరాకీ పెరిగే వేళకి మా దగ్గర సరుకు అయిపోతుందన్నమాట. సరిగ్గా అప్పుడు, మనకి సంక్రాంతి పోయే రోజుల్లో, లియోన్‌హార్డ్ చర్చిలో ‘వెస్పర్‌కిర్షె’ మొదలవుతుంది. 1995లో మార్టిన్ ఫ్రిట్స్ అనే పాదిరి పెట్టిన పద్ధతి. దాదాపు ఏడు వారాల పాటు ప్రార్థన చేసే చోటే బల్లలు వేసి వేడి భోజనం పెడతారు. వైద్యుడుంటాడు, క్షవరం చేసేవాళ్ళుంటారు, వీధిలో బతికేవాళ్ళ కుక్కలకి కూడా వైద్యం ఉంటుంది. భోజనం ఉచితం కాదు, నామమాత్రంగా ధర ఉంది. ఇంత పేదవాళ్ళ దగ్గర ఆ చిల్లర ఎందుకని మొదట చిరాకుపడ్డాను. వరసలో నా ముందాయన అరచేతిలో నాణేలు లెక్కపెట్టి ఇచ్చి, పళ్ళెం అందుకుని, బిల్లు కట్టిన మనిషిలా నిటారుగా నడిచి వెళ్ళాడు.

నేను వడ్డించడానికని వెళ్ళాను. ఆ పూటకి చేతులు చాలినన్ని ఉన్నాయి, వచ్చావుగా, కూర్చుని తినమన్నారు. ఎవరైనా తినొచ్చు. మొహమాటపడుతూ కూర్చున్నాను, పక్కన ఆ నాణేల ఆయనే. ఆ రోజు పప్పూ ష్పెట్స్‌లె, అంటే ఇక్కడి ష్వాబియన్ల ఇంటి తిండి. ఒక ముద్ద తిని స్పూను ఆపిన నన్ను చూసి ఆయన లేచాడు. రెండు బల్లల అవతల నుంచి వెనిగర్ సీసా పట్టుకొచ్చాడు. ‘‘ఇది పడకపోతే పప్పు కాదు’’ అంటూ, నేను అడగకుండానే నా పళ్ళెంలో నాలుగు చుక్కలు వేశాడు.

తల వంచుకుని తిన్నాను. పుల్లగా, మా ఇంటి పప్పుచారులా ఉంది.