బాప్తిస్మం, అమృత్: ఒక మనిషి తీసుకున్న దీక్షను మనం ఎలా చూడాలి?

మన బస్తీలకు పాస్టర్లు వస్తుంటారు. ప్రార్థన చేస్తారు, ఒంట్లో బాగాలేనివాళ్ల తల మీద చేయి పెడతారు, కొన్నాళ్లకు బాప్తిస్మం తీసుకోమంటారు. అప్పుడు మన ఇళ్లలో రెండు ప్రశ్నలు వస్తాయి. మన అమృత్, వాళ్ల బాప్తిస్మం ఒకటేనా అని పిల్లలు అడుగుతారు. మన ఇంట్లో ఒకడు బాప్తిస్మం తీసుకుంటే వాడిని ఏం చేయాలి అని పెద్దలు అడుగుతారు. రెండో ప్రశ్నకు తప్పు జవాబు చెబితే ఎంతవరకు పోతుందో బస్తర్‌లో చూశాం. అందుకే ఈ కరపత్రం.

ముందు బాప్తిస్మం అంటే ఏమిటో తెలుసుకుందాం. తెలియనిదాన్ని తిట్టడం గురుసిక్కుకు తగదు. బాప్తిస్మం అనేది గ్రీకు భాష నుంచి వచ్చిన మాట. ముంచడం అని దాని అర్థం. కాథలిక్కులు దీన్నే జ్ఞానస్నానం అంటారు. యేసు తానే యొర్దాను నదిలో యోహాను చేతి మీదుగా బాప్తిస్మం పొందాడని వాళ్ల గ్రంథం చెబుతుంది. నీళ్లలో మునగడం అంటే పాత జీవితానికి చనిపోయి క్రీస్తుతో పాటు సమాధి కావడం, పైకి లేవడం అంటే ఆయనతో కొత్త జీవితానికి లేవడం అని వాళ్ల బోధ. కాథలిక్కులు, మెథడిస్టులు, సీఎస్ఐ వాళ్లు పసిపిల్లలకు కూడా ఇస్తారు. పిల్లవాడు పెద్దయ్యాక ఆ విశ్వాసాన్ని తన నోటితో తాను ఒప్పుకోవాలి. బాప్టిస్టులు, పెంతెకోస్తు వాళ్లు మాత్రం బుద్ధి తెలిసి, నమ్మి, అడిగినవాళ్లనే ముంచుతారు. పద్ధతులు వేరైనా, విశ్వాసం లేకుండా నీళ్లు మాత్రమే చాలవని అందరూ ఒప్పుకుంటారు.

ఈ సంగతి మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు, మనం కొలిమి పని చేసినవాళ్లం. ఎర్రగా కాలిన కత్తిని నీళ్లలో ముంచితే పదును నిలుస్తుంది. చల్లటి ఇనుమును వందసార్లు ముంచినా తడుస్తుంది, మర్నాటికి తుప్పు పడుతుంది. దీక్ష కూడా అంతే. లోపల వేడి ముందు పుట్టాలి.

మన తెలుగునేల మీదే దీనికొక ఉదాహరణ ఉంది. 1876 నుంచి 1878 వరకు పెద్ద కరువు వచ్చింది. ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్ట్ మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని కరువు జనానికి కూలి పని చూపించాడు. బాప్తిస్మం ఇవ్వమని వేలమంది అడిగారు. కరువు సాయం నడిచినన్నాళ్లూ ఆయన ఇవ్వలేదు. కూడు కోసం వచ్చారా, దేవుడి కోసం వచ్చారా అన్నది తేలాలన్నాడు. సాయం ఆగిపోయాక కూడా జనం వస్తూనే ఉన్నారు. అప్పుడు, 1878 జూలై 3న, గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వాళ్లలో ఎక్కువమంది మాదిగలు. ఆ మతం మనది కాకపోవచ్చు. ఆకలిగా ఉన్న మనిషి దగ్గర నుంచి మొక్కు తీసుకోకూడదన్న ఆ నియమం మాత్రం ఏ మతం వారైనా పాటించదగినది. మన బస్తీలో బియ్యం, ఫీజు, మందులు ముందు పెట్టి దీక్ష అడిగేవాడు ఎవరైనా సరే, వాడిని ఈ కొలతతోనే కొలవండి.

ఇక బస్తర్ సంగతి. భద్రాచలం దాటి కుంట, సుక్మా మీదుగా జగదల్‌పూర్ వెళ్లే దారిలో దర్భా వస్తుంది. ఆ ప్రాంతంలోని ఛిందావాడా గ్రామంలో 2025 జనవరి 7న ఒక పాస్టరు చనిపోయాడు. తమ పెద్దలను పాతిపెట్టిన ఊరి నేలలోనే ఆయనను పాతిపెడతామని కొడుకు అన్నాడు. క్రైస్తవుడి శవానికి ఇక్కడ చోటు లేదని గ్రామస్తులు అడ్డుపడ్డారు. హైకోర్టులో ఆ కొడుక్కి అనుమతి దొరకలేదు. కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. శవం మార్చురీలోనే ఉండిపోయింది. జనవరి 27న తీర్పు చెప్పిన ఇద్దరు న్యాయమూర్తులకు మాట కలవలేదు. కుటుంబానికి ఉన్న సొంత భూమిలో పాతిపెట్టవచ్చని జస్టిస్ నాగరత్న అన్నారు. క్రైస్తవులకు కేటాయించిన స్థలంలోనే చేయాలని జస్టిస్ సతీశ్ చంద్ర శర్మ అన్నారు. అప్పటికే ఇరవై రోజులు గడిచాయి కాబట్టి, 20-25 కిలోమీటర్ల దూరంలోని కర్కపాల్ శ్మశానంలో అంత్యక్రియలు జరపాలని ఇద్దరూ కలిసి ఆదేశించారు.

గ్రామస్తుల మాటలో కూడా ఒక బాధ ఉంది. ఊరి దేవతలు, పండుగలు, పెద్దల ఆచారం అన్నీ కలిస్తేనే వాళ్లకు ఊరు. ఒకడు వాటి నుంచి తప్పుకుంటే ఊరు చీలుతుందని వాళ్ల భయం. ఆ భయాన్ని మేము ఎగతాళి చేయం. కానీ మొక్కు మార్చుకున్నంత మాత్రాన మనిషి తన తండ్రికి కొడుకు కాకుండా పోతాడా? పొరుగువాడికి పొరుగువాడు కాకుండా పోతాడా? పాతిపెట్టే నేల కూడా ఇవ్వకపోతే శిక్ష ఎవరికి పడింది? పోయినవాడికి ఏమీ తెలియదు. ఏడ్చే కొడుక్కి పడింది.

బలవంతం, ఆశ చూపడం, మోసం ద్వారా మతం మార్చడం నేరమని 1968లో అప్పటి మధ్యప్రదేశ్ చట్టం చేసింది. 1977లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని నిలబెట్టింది. ఛత్తీస్‌గఢ్ ఏర్పడ్డాక అక్కడికీ అదే వచ్చింది. బలవంతం తప్పన్నది సరైన మాటే. అయితే ఒక మనిషిని దీక్షలోకి నెట్టడం బలవంతమైతే, బావి, బాట, శ్మశానం మూసి దీక్ష నుంచి వెనక్కి లాగడం కూడా బలవంతమే.

ఇది మేము కొత్తగా చెబుతున్న మాట కాదు. 1675లో ఢిల్లీలో గురు తేగ్ బహాదుర్ జీ తల ఇచ్చారు. ఎవరి కోసం? కాశ్మీరీ పండితుల కోసం. వాళ్ల తిలకం, జంధ్యం గురువుగారివి కావు. తనది కాని విశ్వాసాన్ని నిలుపుకునే హక్కు కోసం ప్రాణం ఇచ్చిన గురువు పిల్లలం మనం.

ఇప్పుడు పిల్లల ప్రశ్నకు వద్దాం. అమృత్, బాప్తిస్మం ఒకటి కావు. బాప్తిస్మం యేసు మరణంలో, పునరుత్థానంలో పాలు పొందడం. ఖండే కీ పాహుల్ గురువుకు తల అప్పగించి, నామం, సేవ, రహిత్ మర్యాదలతో బతుకుతానని మాట ఇవ్వడం. 1699 వైశాఖి నాడు ఆనంద్‌పూర్‌లో గురు గోబింద్ సింగ్ జీ తల అడిగినప్పుడు ఎవరినీ చేయి పట్టి లాగలేదు. ఐదుగురు తమంతట తామే లేచారు. జగన్నాథపురి నుంచి వచ్చిన నీళ్లు మోసే హిమ్మత్ లేచాడు. మన పక్కనే ఉన్న బీదర్ నుంచి మంగలి సాహిబ్ చంద్ లేచాడు. తర్వాత గురువే ఆ ఐదుగురి ముందు చేతులు జోడించి అమృత్ అడిగి తీసుకున్నారు. మరీ చిన్నపిల్లలకు అమృత్ ఇవ్వకూడదని, బుద్ధి తెలిసి ఉండాలని రహిత్ మర్యాద చెబుతుంది. అడిగినవాడికే, తెలిసినవాడికే ఇవ్వాలన్న విషయంలో రెండు దీక్షలూ దగ్గరగా ఉన్నాయి.

కాబట్టి పెద్దలకు మా మనవి ఇది. మీ అబ్బాయి బాప్తిస్మం తీసుకుంటానంటే కొట్టకండి, ఇంట్లో నుంచి వెళ్లగొట్టకండి. కూర్చోబెట్టి అడగండి: "నాయనా, ఏం వెతుకుతున్నావు? అమృత్ అంటే ఏమిటో నీకు ఎవరైనా చెప్పారా?" గురుద్వారాకు తీసుకెళ్లి సాఖీలు చెప్పించండి, గుర్ముఖి నేర్పించండి. రోగం వస్తే ఆసుపత్రికి తీసుకెళ్లండి, అప్పు ఉంటే సంగత్ కలిసి తీర్చండి. అన్నీ విన్నాక కూడా అతను వేరే దారి పట్టుకుంటే, లంగర్‌లో అతని పళ్లెం తీసేయకండి. లంగర్‌లో ఎవరినీ మతం అడగం కదా. అతని ఇంట్లో చావు జరిగితే అందరికంటే ముందు మీరే వెళ్లండి.

మన కొలిమిలో నిప్పు ఆరకుండా చూసుకోవడం మన చేతుల్లో ఉంది. పొరుగువాడి కొలిమిలో నీళ్లు పోసే హక్కు మనకు లేదు.

వాహెగురూజీ కా ఖాల్సా, వాహెగురూజీ కీ ఫతే.