మూట తేలికే... మోసేదెవరు?

సంక్రాంతి పండుగ దాటిన తరువాత మన పల్నాడు దారుల్లో రెండు రకాల ప్రయాణికులు కనిపిస్తారు. మొదటివాడు మన విచారణలోని కుర్రవాడే. కంప్యూటరు ఉద్యోగం. పండుగకు ఊరికి వచ్చి, నరసరావుపేట బస్టాండులో తిరుగు ప్రయాణానికి నిలబడి ఉంటాడు. భుజాన ఒకే ఒక్క సంచి. అందులో లాప్‌టాప్, ఛార్జరు, 3 చొక్కాలు, 2 ప్యాంట్లు. "ఇంకా 3 నెలలు ఆఫీసు ముఖం చూడక్కరలేదు. కొన్నాళ్లు గోవాలో, కొన్నాళ్లు కొండ ప్రాంతంలో ఉండి అక్కడినుంచే పని చేసుకుంటాను" అంటాడు. తల్లి మాత్రం పచ్చడి సీసా, అరిసెల డబ్బా చేత పట్టుకుని బ్రతిమాలుతూ ఉంటుంది. "వద్దమ్మా, బరువు" అంటాడు.

రెండవవారు ఈ ఊరివాళ్లు కారు. కర్నూలు జిల్లాలోని ఆదోని, ఎమ్మిగనూరు, కోసిగి వైపు నుంచి మిరప కోతలకు వచ్చే కుటుంబాలు. గురజాల, మాచర్ల రోడ్లమీద వాహనాలు ఆగుతాయి. బియ్యం బస్తా దిగుతుంది. జొన్నల మూట, గిన్నెలు, నీళ్ల బిందెలు, బొంతలు, గుడారానికి పరదా పట్టా దిగుతాయి. చివరికి చంటిపిల్లలు, వాళ్లను ఎత్తుకుని చూసుకోవలసిన పదేళ్ల అక్క దిగుతారు. వీళ్లు కూడా ఇంటికి 2, 3 నెలలు దూరంగా ఉండి పని చేసుకునేవాళ్లే. వీళ్లు కూడా "అవసరమైనవే" తెచ్చుకున్నారు. అయినా ఒకరి అవసరాలు ఒక సంచిలో ఇమిడిపోయాయి. మరొకరి అవసరాలకు వాహనం చాలలేదు.

ప్రియ పాఠకులారా, ఈ ఇద్దరిలో తేలికగా ప్రయాణం చేస్తున్నది ఎవరు? జవాబు తేలికే అనిపిస్తుంది. కాని అది అంత తేలిక కాదు.

ముందుగా మొదటి కుర్రవాడికి న్యాయం చేద్దాం. తక్కువ సామానుతో బయలుదేరడం మంచి గుణమే. మన దేశంలో విమానంలో సాధారణ టిక్కెట్టుమీద చేతిసంచికి మామూలుగా 7 కిలోలకు మించి ఒప్పుకోరు. ఆ 7 కిలోలలో 3 నెలల జీవితం సర్దుకోవాలంటే ఏది కావాలి, ఏది అక్కరలేదు అని తేల్చుకోవాలి. బీరువా నిండా చీరలుండి "కట్టుకోవడానికి ఒక్కటీ లేదు" అనుకునే మనకు అది మంచి పాఠం. 2020 మార్చిలో కరోనా కట్టడి మొదలయ్యాక ఎంతోమంది ఇంటినుంచే పని చేయడం నేర్చుకున్నారు. ఎస్తోనియా అనే చిన్న దేశం ఇలా తిరుగుతూ పనిచేసేవారి కోసం అదే సంవత్సరం ప్రత్యేకంగా ఒక వీసా పెట్టింది. తరువాత అనేక దేశాలు అదే దారి పట్టాయి. కష్టపడి చదివి, పనిని సంచిలో పెట్టుకుని తిరగగలిగే స్థితికి మన పిల్లలు వచ్చారంటే మనం సంతోషించాలి.

పైగా, తేలికగా వెళ్లమన్న మాట మనకు కొత్త కాదు. క్రీస్తు ప్రభువు తన పన్నిద్దరు శిష్యులను జంటలు జంటలుగా పంపినప్పుడు రొట్టె వద్దన్నారు, జోలె వద్దన్నారు, రెండో అంగీ వద్దన్నారు. మార్కు సువార్త 6వ అధ్యాయంలో చేతికర్ర, కాళ్లకు చెప్పులు మాత్రం మిగిలాయి. ఇది చదివి "మావాడు సువార్త ప్రకారమే సర్దుకున్నాడు" అని ఎవరైనా మురిసిపోవచ్చు.

కాని ఆ వాక్యంలోనే ఇంకొక మాట ఉంది. నడికట్టులో డబ్బు కూడా పెట్టుకోవద్దన్నారు! అక్కడే దారులు విడిపోతాయి. ఈనాటి సంచి ఎందుకు తేలిక? చొక్కా చిరిగితే కొనుక్కోవచ్చు. బట్టలు మాసిపోతే ఎవరో ఉతికి ఇస్తారు. ఆకలేస్తే ఫోను నొక్కగానే ఎవరో ఎండలో బండిమీద తెచ్చి ఇస్తారు. దుప్పటి, దిండు, పళ్లెం, గ్లాసు దిగినచోట సిద్ధంగా ఉంటాయి. అంటే సామాను తగ్గలేదు. అది సంచిలోనుంచి బ్యాంకు ఖాతాలోకి మారింది. తలగడ బరువు తలగడ పరిచే మనిషి చేతికి మారింది.

మిరప కోతకు వచ్చిన తల్లికి ఆ వీలు లేదు. చేను గట్టున గుడారంలో బ్రతకాలి. బిందె మరచిపోతే ఇంకో బిందె కొనడానికి రోజు కూలి పోతుంది. అందుకే అన్నీ మోసుకొస్తుంది. ఆమె మూట పెద్దదైనది ఆశవల్ల కాదు, లేమివల్ల. రైలు లెక్క చూసినా ఒక వింత కనిపిస్తుంది. రుసుము లేకుండా వెంట తీసుకెళ్లగల సామాను రెండవ తరగతివారికి 35 కిలోలు, స్లీపరులో 40, మొదటి తరగతి ఏసీలో 70. ఇల్లంతా మోసుకుపోవలసినవాడికి తక్కువ, ఏమీ మోయనక్కరలేనివాడికి ఎక్కువ!

కనుక పైకి ఒకేలా కనిపించే రెండు తేలికలున్నాయి. శిష్యుడి చేతిలో ఏమీ లేదు కాబట్టి ఊరిలో ఎవరిదో ఒకరి తలుపు తట్టాలి. వాళ్లు పెట్టింది తినాలి, వాళ్ల ఇంటి మంచిచెడ్డలు పంచుకోవాలి. అతని తేలిక అతన్ని మనుషుల దగ్గరకు చేర్చింది. ఈనాటి తేలికలో ఎవరి తలుపూ తట్టనక్కరలేదు. పక్కగదిలో ఎవరున్నారో తెలియకుండానే 3 నెలలు గడిచిపోతాయి. ఈ తేలిక మనుషులనుంచి దూరం చేయగలదు. చేసి తీరుతుందని కాదు, చేయగలదు. జాగ్రత్త అవసరమైనది అక్కడే.

ఊరూరా తిరుగుతూ పని చేసుకున్నవారిలో మనకందరికీ తెలిసినవారు పునీత పౌలుగారు. ఆయన చేతిపని గుడారాలు కుట్టడం. కొరింతు నగరంలో అక్విలా, ప్రిస్సిల్లా దంపతుల ఇంట దిగి, వారిదీ అదే వృత్తి గనుక వారితో కలిసి పని చేశారని అపోస్తలుల కార్యములు 18వ అధ్యాయం చెబుతుంది. ఎవరికీ భారం కాకూడదన్నది ఆయన పట్టుదల. అంత తేలికగా తిరిగిన మనిషి తిమోతికి వ్రాసిన రెండవ లేఖ చివరిలో ఒక చిన్న కోరిక కోరారు. త్రోయలో కార్పు అనే అతని దగ్గర తన అంగీ విడిచి వచ్చారట. వచ్చేటప్పుడు దానిని, గ్రంథాలను, ముఖ్యంగా తోలు కాగితాలను తీసుకురమ్మన్నారు. చలికాలం రాకముందే రమ్మన్నారు.

ఈ కార్పు గురించి లేఖనాల్లో ఇంకెక్కడా ఒక్క ముక్క లేదు. ప్రసంగాలు చేశాడో లేదో తెలియదు. కాని పౌలుగారి భుజం తేలికగా ఉండడానికి ఒక కారణం, ఆ అంగీ కార్పు ఇంటి చిలక్కొయ్యకు వేలాడుతూ ఉండడమే. ప్రతి తేలిక ప్రయాణం వెనుక ఇంటి దగ్గర ఒక కార్పు ఉంటాడు. మన కుర్రవాడి కార్పు ఎవరు? అతని సర్టిఫికెట్లు, చలికోట్లు, పెళ్లి ఆల్బములు దాచి దుమ్ము దులిపే తల్లి. నాన్నగారి బీపీ మాత్రలు, పొలం పాసుపుస్తకం, కరెంటు బిల్లు అన్నీ నెత్తిన వేసుకున్న అన్నయ్య, వదిన. కర్నూలు కూలీల కార్పు ఎవరు? ఊళ్లో మిగిలిన పిల్లలను, మేకలను చూసుకునే అవ్వ, తాత. "మోసేవాడికి తెలుసు కావడి బరువు" అని మన పెద్దలు ఊరకే అనలేదు.

అయితే మన బరువు ఇతరులకు అప్పగించడమే తప్పా? ఒకరి బరువు ఒకరు మోస్తేనే కదా కుటుంబం? నిజమే. గలతీయులకు వ్రాసిన లేఖ 6వ అధ్యాయంలో పౌలుగారు రెండవ వచనంలో ఒకరి బరువులు ఒకరు మోయాలని అంటారు. సరిగ్గా మూడు వచనాలు దాటగానే ఎవరి బరువు వారే మోసుకోవాలని అంటారు. ఇది మాట మార్చడం కాదు. గ్రీకు మూలంలో రెండుచోట్ల వాడినవి రెండు వేరువేరు మాటలు. మొదటిది మనిషిని కుంగదీసే భారం. రెండవది బాటసారి ఎవరికి వారు భుజాన వేసుకునే మూట. జబ్బు, అప్పు, ముసలితనం, ఆకలి మొదటి రకం. వాటిని పంచుకోవాలి. మన పని, మన బాధ్యత, కన్నవారిని చూసుకోవలసిన కర్తవ్యం రెండవ రకం. వీటిని ఇంకొకరి నెత్తిన పెట్టి "నేను తేలికగా ఉన్నాను" అనడం తేలిక కాదు, తప్పించుకోవడం.

పునీత ఫ్రాన్సిస్ శౌరివారు ఈ తేడా ఎరిగినవారు. 1541 ఏప్రిల్ 7న లిస్బన్ నుంచి ఓడ ఎక్కి 1542 మే 6న గోవా చేరారు. పోపుగారి ప్రతినిధి హోదాలో వస్తున్నారు గనుక ఒక సేవకుణ్ణి వెంట తీసుకెళ్లమని పెద్దలు పట్టుబట్టారు. ఆయన ఒప్పుకోలేదు. 13 నెలల ప్రయాణంలో తన బట్టలు తానే ఉతుక్కున్నారు. ఓడలో జబ్బుపడ్డవారికి సేవ చేశారు. తన మూట తాను మోశారు, ఇతరుల భారానికి భుజం ఇచ్చారు.

సంచిలో కనబడని సామాను కూడా ఒకటి ఉంది. శ్రీనాథ మహాకవి పల్నాటి సీమకు వచ్చి ఇక్కడి రాళ్లను, జొన్న తిండిని ఎగతాళి చేశాడని ఆయన పేర చెప్పుకునే చాటువులు మనందరికీ తెలుసు. ఆయన వెంట ఎన్ని పెట్టెలు తెచ్చాడో గాని, సన్నబియ్యానికి అలవాటుపడ్డ నాలుకను మాత్రం తప్పకుండా తెచ్చుకున్నాడు! వెళ్లినచోట నీళ్లు బాగాలేవు, కూర బాగాలేదు, నెట్ బాగాలేదు అని సణిగేవాడి సంచి 7 కిలోలే ఉన్నా, మోసేది 70 కిలోల అలవాట్లు. ఆ బరువు అతనికి అన్నం పెట్టేవారి మీద పడుతుంది.

ఇక్కడ మనలో కొందరికి కోపం రావచ్చు. "కూలీల గురించి మాకు చెబుతారేమిటి? రైతు మూట ఎవరు చూశారు?" అని. ఆ ప్రశ్న న్యాయమైనదే. కౌలు కట్టి, మందులకు అప్పు తెచ్చి మిరప వేసిన రైతుకు కాయ కల్లంలో ఉండగానే ధర పడిపోతే ఎలా ఉంటుందో 2025లో చూశాము. ఆ ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు ప్రకటించవలసి వచ్చింది. అలాంటి రైతును గుడారాల బదులు ఇళ్లు కట్టి ఇమ్మనడం న్యాయం కాదు. కాని భారం కింద ఉన్నవాడికే పక్కవాడి భారం బాగా అర్థమవుతుంది. 1967లో నాగార్జునసాగర్ కుడి కాలువకు నీళ్లు వదలకముందు మన పల్నాడూ మెట్ట సీమే. ఆకాశం వైపు చూసిన రోజులు మన తాతలకు తెలుసు.

ఒకరి మూట తేలిక చేయడం సాధ్యమేనని చెప్పడానికి మన కళ్లెదుట ఋజువు ఉంది. ఒకప్పుడు రేషను కార్డు ఉన్నా సొంత ఊరి దుకాణంలోనే బియ్యం ఇచ్చేవారు. 2019 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల మధ్య ఎక్కడైనా తీసుకునే ఏర్పాటు ప్రయోగంగా మొదలైంది. తరువాత అది దేశమంతటికీ విస్తరించింది. ఒక నియమం మార్చితే ఒక బియ్యం బస్తా బరువు తగ్గింది! వలస వెళ్లేవారి పిల్లలు బడి మానకుండా ఊళ్లోనే ఉండి చదువుకునేందుకు సీజనల్ హాస్టళ్లు ఉన్నాయి. అవి సరిగా నడిచినచోట ఆ పదేళ్ల అక్క చంటిపిల్లను ఎత్తుకునే బదులు పలక పట్టుకుంటుంది.

ప్రభుత్వం చేయవలసింది అలా ఉండగా మనం చేయగలిగిందీ ఉంది. కాయ కోసినవారికి తూకం సరిగా వేసి, కూలి ఆ వారమే చేతిలో పెట్టడానికి అదనంగా ఖర్చేమీ కాదు. చేను దగ్గర మంచినీళ్ల డ్రమ్ము, చంటిబిడ్డ ఉయ్యాలకు నీడ పెద్ద ఖర్చు కాదు. వాళ్లు మన ఊళ్లో ఉన్నంతకాలం పిల్లలను మన బడికి పంపమని ఒక్కసారి వెళ్లి చెప్పడానికి చెప్పుల అరుగుదల తప్ప పోయేదేమీ లేదు. రెంటచింతల ఎండలు ఎంతటివో రాష్ట్రమంతా చెప్పుకుంటుంది. ఆ ఎండలో చేసే చిన్న ఉపకారం చిన్నది కాదు.

ఇక సంచి సర్దుకుంటున్న మన పిల్లలకు రెండే ప్రశ్నలు. నువ్వు వదిలి వెళ్తున్నవి ఎవరు మోస్తున్నారు? వారిని అడిగావా, వారి బరువు తెలుసుకున్నావా? ఎక్కడ ఉండి అయినా పని చేయగల ఉద్యోగం నీదైతే, ఆ 3 నెలలలో ఒక నెల అమ్మానాన్నల దగ్గర ఉండి కూడా చేయవచ్చు కదా! అన్నయ్యకు, వదినకు ఆ నెల భుజం మార్చుకునే వీలు దొరుకుతుంది. నాన్నగారిని ఆస్పత్రికి తీసుకెళ్లడం, పాసుపుస్తకం పనిమీద ఆఫీసు మెట్లెక్కడం ఆ నెలలో నీ వంతు అవుతుంది.

అప్పుడు ఆ ఒంటి సంచి నిజంగా తేలికవుతుంది. అన్నట్టు, అమ్మ ఇచ్చే పచ్చడి సీసా బరువు కిలో ఉండదు. దానికి చోటు చేసుకోండి.