కువైట్ బయల్దేరే ముందు

రాప్తాడు హైవే మీద బెంగళూరు బస్సెక్కేవాళ్లలో కొందరు అక్కడితో ఆగరు. విమానమెక్కి కువైట్ పోతారు. ఇంటిపనికో, డ్రైవర్ పనికో. వానను నమ్మలేని సీమలో ఇది పాత దారే.

మన వేరుశనగ రైతు తొలి వానకే విత్తనమంతా వేయడు. కొంత దాస్తాడు. మొలక ఎండిపోతే మళ్లీ వేసుకోవాలి కదా! దేశం దాటేవాళ్లూ అంతే. అన్నీ ఒకేచోట పెట్టొద్దు.

కొంత డబ్బు చేతిసంచిలో, కొంత లోపలి జేబులో. పాస్‌పోర్టు ఒంటి మీద. దాని జిరాక్సు పెట్టెలో ఒకటి, ఇంట్లో అమ్మ దగ్గర ఒకటి. ఫోన్లో ఫోటో ఉందిలే అనుకుంటాం. ఆ ఫోనే పోతే? మన రాయబార కార్యాలయం నంబరు కాగితం మీద కూడా రాసుకోండి. పాస్‌పోర్టు పోతే ముందు అక్కడి పోలీసులకు ఫిర్యాదు చేయాలి. తర్వాత రాయబార కార్యాలయానికి పోవాలి. జిరాక్సు ఉంటే పని సులువు.

దొంగ భయం ఒకటే కాదు. యజమానే పాస్‌పోర్టు తీసుకుని బీరువాలో పెట్టేయడం గల్ఫ్‌లో కొత్తేమీ కాదు. నిజానికి పాస్‌పోర్టు భారత ప్రభుత్వ ఆస్తి. 1967 నాటి మన చట్టం మాట ఇది. పనివారి సమ్మతి లేకుండా యజమాని దాన్ని ఉంచుకోకూడదని కువైట్ చట్టం కూడా 2015లోనే చెప్పింది. అయినా అడిగేవాళ్లు అడుగుతారు. భాష రాని చోట, కొత్త ఇంట్లో, కాదనడం కష్టమే. అందుకే మళ్లీ చెబుతున్నా, అన్నీ ఒకేచోట వద్దు. ఇవాళ బయల్దేరేవాళ్లుంటే, ఆ జిరాక్సు ఇంట్లో ఇచ్చి బస్సెక్కండి.